రెండు ఊదితే ‘వస్తాండా’

“మిలిట్రీ పోయినాడంట సార్” అని మా నంద్యాల ఆఫీసు వాచ్‌మన్ వచ్చి చెప్పినప్పుడు నేను క్యారియరు విప్పుకుని భోజనం చేస్తున్నాను. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయిందని రాస్తే బాగుంటుంది. కానీ అలా జరగలేదు. ముద్ద మింగాను, నీళ్లు తాగాను, ఎప్పుడు పోయాడు, ఎట్లా పోయాడు అని అడిగాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు నాకు కలిగింది దుఃఖం కాదు, ఊరట. ఒక సంగతి మా ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఆయన పోయాడు. నేను నోరు మూసుకుంటే ఇక దాని ఊసెత్తేవాడు ఉండడనుకున్నాను.

ఆ ఊరట మర్నాటి సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

ఆయనకు చక్కటి పేరుంది. చర్చిలో పాస్టరు పెట్టిన పేరు. దాన్ని ఇక్కడ రాయను. ఆ పేరు కింద మా ఆఫీసు కాగితాల్లో ఒక తప్పు రాసి ఉంది, ఆ తప్పు ఆయనది కాదు. అందరూ ‘మిలిట్రీ’ అనేవాళ్లు, నేను ‘అన్నా’ అనేవాణ్ని. పటాలంలో సిగ్నల్ పని చేసి, ఊరికి తిరిగొచ్చి, మా కాలువ సర్వే ఆఫీసులో స్టోరు మనిషిగా తాత్కాలికం మీద చేరాడు. డెబ్బైల చివరి మాట. నేనప్పుడు కొత్త సర్వేయరును. ముప్పై నిండలేదు, నోటికి అడ్డూ ఆపూ లేదు.

ఆఫీసు నంద్యాలలో, క్యాంపు ఆళ్లగడ్డలో. ఆళ్లగడ్డలో ఒక పాత వేరుశనగ గోడౌను అద్దెకు తీసుకుని సామాన్లు పెట్టాం. అహోబిలం పైన లోయల్లోకి, రుద్రవరం వైపు గుట్టల్లోకి పోయే పార్టీలన్నీ అక్కడి నుంచే బయలుదేరేవి. జీపు దిగి అడవిలో అడుగు పెడితే, మళ్లీ జీపు ఎక్కేదాకా మాకు మాకే దిక్కు. లోపల ఎవడికైనా కాలు విరిగితే బయటివాళ్లకు ఎట్లా తెలియాలి అనే ప్రశ్న ఆఫీసులో ఎవరూ అడగలేదు. దాన్ని మిలిట్రీ తనంతట తానే నెత్తిన వేసుకున్నాడు.

బయలుదేరే ముందురోజు గోడౌను నేల మీద నల్ల కంబళి పరిచేవాడు. నాలుగు మూలలూ చేత్తో సాఫు చేసేవాడు. దాని మీద ఒక్కో వస్తువూ జానెడు ఎడంగా పేర్చేవాడు. ఇత్తడి విజిలు, అరచేతంత అద్దం, మూడు సెల్లుల టార్చి, దీపావళికి మిగిలిన తారాజువ్వలు, ఎర్రగుడ్డ, మైనం పూసిన కాగితంలో చుట్టిన అగ్గిపెట్టె. పెళ్లిచూపులకు పిల్లను చూపిస్తున్నావా అన్నా అని నేను ఎగతాళి చేసేవాణ్ని. ఆయన నవ్వేవాడు కాదు. అయితే మిగతా స్టోర్లలో వస్తువు ఎంత గొప్పదో చెబుతారు చూడండి, ఈయన దగ్గర అది తిరగబడేది. ప్రతిదీ ఎప్పుడు, ఎట్లా మోసం చేస్తుందో చెప్పేవాడు. అద్దం ఎండను నమ్ముకుని బతికేది, లోయలో మధ్యాహ్నం మూడు దాటితే నీడే, అప్పుడది తల దువ్వుకోవడానికి తప్ప పనికి రాదు. తారాజువ్వ ఎండాకాలం వేస్తే అడవి తగలబడుతుంది, వానాకాలం వేస్తే అదే అంటుకోదు. పొగ పెడదామంటే, ఎండాకాలం నల్లమలలో ఏదో ఒక మూల పొగ లేస్తూనే ఉంటుంది, నీ పొగ నీదని ఎవడు గుర్తుపడతాడు? ఇదీ వరస.

టార్చి దగ్గరికొచ్చేసరికి ఆయనకు ఒళ్లు మండేది. ఆ రోజుల్లో నీరసించిన సెల్లుల్ని ఎండలో పెట్టి, కాస్త వెలుగు రాగానే మళ్లీ వాడుకోవడం మా అందరికీ అలవాటు. ఎవరి సెల్లు వేడిగా తగిలినా ఆయన పట్టుకునేవాడు. “ఎండకు పెడితే బతికినట్టు నటిస్తాదప్పా ఇది. అడివిలో చస్తాది” అనేవాడు. ఆ సెల్లుల్ని అక్కడికక్కడే గోడ అవతలికి విసిరేసేవాడు. సొంత డబ్బుతో కొన్నవి విసిరేశాడని ఒకసారి జీపు డ్రైవరు కొట్టడానికే పోయాడు.

ఎవరికి ఏది ఇవ్వాలన్నదాంట్లో హోదా చూసేవాడు కాదు. మనిషిని చూసేవాడు, పోయే చోటు చూసేవాడు. ఒకసారి పెద్ద ఇంజనీరు ఒకాయన వచ్చి, అందరికంటే పొడుగు టార్చి తనకు కావాలన్నాడు. మిలిట్రీ ఆయన చేతిలో విజిలు పెట్టి, గోడౌను చుట్టూ మూడుసార్లు పరిగెత్తి వచ్చి ఊదమన్నాడు. అంత పొట్టతో ఆయన ఎట్లా పరిగెత్తాడో దేవుడికే ఎరుక. వచ్చి ఊదితే గాలి వచ్చింది గానీ మోత రాలేదు. నిదానంగా ఉన్నప్పుడు ఎవడైనా ఊదుతాడు, నిదానంగా ఉన్నోడు మనల్ని ఎందుకు పిలుస్తాడు అన్నది మిలిట్రీ వాదం. ఇంజనీరు రొప్పు తీరేదాకా పక్కనే నిలబడి, మళ్లీ పరిగెత్తించాడు. మేమందరం బియ్యం మూటల వెనక దాక్కుని నవ్వాం.

అందరికీ చిర్రెత్తుకొచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది. ఎవరు అడవికి బయలుదేరినా ఎప్పుడొస్తావని అడిగేవాడు కాదు. “ఎప్పుడు రాకపోతే ఎతకాల?” అనేవాడు. శుభమా అని పోతుంటే ఇదేం పాడుమాట అని కూలీలు మొహం తిప్పుకునేవాళ్లు. కొందరు ఆయనకు కనపడకుండా వెనక గోడ దూకి జీపెక్కేవాళ్లు. జవాబు చెప్పిందాకా ఆయన జీపు ముందు నుంచి కదిలేవాడు కాదు. చివరికి ఎవడో ఒకడు విసుక్కుని ‘రేపు చీకటి పడే లోపల’ అని గొణిగితే, చిన్న నోటుబుక్కులో రాసుకుని పక్కకు జరిగేవాడు.

ఇక విజిలు లెక్క చెప్పాలి. అహోబిలం అడవి చుట్టుపక్కల వాళ్లకు ఒక పట్టింపు ఉంది. అడవిలో ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకు పలకరు, రెండో పిలుపుకూ పలకరు. మనిషి కానిది పిలిస్తే రెండుసార్లకు మించి పిలవదట. మూడోసారి పిలిస్తేనే అది మనిషి. మా కూలీలు, చైన్‌మన్లు అందరూ ఆ ఊళ్ల వాళ్లే. పక్కనుంచి పిలిచినా మూడోసారి దాకా రాయిలా నిలబడేవాళ్లు. నేను మూఢత్వం అని తిట్టేవాణ్ని. మిలిట్రీ తిట్టలేదు. ఆ పట్టింపు మీదే తన లెక్క కట్టాడు. ఎట్లాగూ మూడోదానికే మీ చెవులు తెరుచుకుంటాయి కాబట్టి అపాయానికి మూడు అన్నాడు. ఒకటి ఊదితే ‘ఉండా’, అంటే ఉన్నాను. రెండు ఊదితే ‘వస్తాండా’, అంటే వస్తున్నాను. మూడు ఊదితే ‘రాండి’. మూడు మాటలే. చదువు రానివాడికి కూడా ఒక్క పూటలో వచ్చేశాయి. పటాలంలో కూడా మూడే అపాయం గుర్తని ఆయన సంబరపడ్డాడు. నేనూ మెచ్చుకున్నాను.

ఆ మరుసటి ఏడు మా ఆఫీసుకు రెండు మాటలపెట్టెలు వచ్చాయి. వైర్‌లెస్ సెట్లు. ఒక్కొక్కటి ఇటుకంత బరువు, పొడుగు తీగ. నేను ఎగిరి గంతేశాను. ఇక విజిళ్లు, అద్దాలు చెత్తకుప్పలో వేయొచ్చు అన్నాను. మిలిట్రీ ఒక వారం రోజులు ఒక పెట్టె భుజాన వేసుకుని భవనాశి వాగు వెంట లోయలన్నీ దిగాడు, ఎక్కాడు. నన్ను పైన గుట్ట మీద రెండో పెట్టెతో కూర్చోబెట్టాడు. ఆయన గట్టు మీద ఉంటే మాట స్పష్టంగా వినిపించేది. లోయలోకి నాలుగు బారలు దిగితే చాలు, కరకరమని శబ్దం, అంతే. మాట వచ్చిన చోటల్లా మ్యాపు మీద ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టాడు. వారం తర్వాత చూస్తే చుక్కలన్నీ శిఖరాల మీదే ఉన్నాయి. వాగు పొడుగునా ఒక్కటి లేదు.

“పైన ఉన్నోనికి ఈ పెట్టె. కిందికి దిగేటోనికి విజిలు. లోయలో ఇది రాయప్పా” అన్నాడు. నేను వాదించాను, కొత్త వస్తువంటే ఈ ముసలాయనకు పడదని నంద్యాలకు ఫిర్యాదు కూడా రాశాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఎంపిక సరైనదే. ఆయన ఎంపికల్లో ఏదీ తప్పు కాదు. అదే నాకు మింగుడు పడనిది.

ఓబులేసు మా చైన్‌మన్. రుద్రవరం మనిషి. ఎర్ర తెల్ల చారల కర్ర, దానికి జెండా కట్టుకుని ఎదుటి గట్టు మీద నిలబడడం అతని పని. ఇవతల నేను దుర్బీనులో ఆ కర్రను చూసి కొలత రాసుకుంటాను. కొండమేక కూడా పోలేని చోటికి పోయి నిలబడేవాడు. మనిషి మెతక, మాట తక్కువ. పెళ్లై రెండేళ్లు. భార్య నారాయణమ్మ అప్పుడప్పుడు ఆళ్లగడ్డకు సద్ది మూట తెచ్చేది. మిలిట్రీ ఆ పిల్లను కూడా వదల్లేదు. నీ మొగుడు ఎన్ని ఊదితే ఏమని అర్థమో చెప్పు అని పరీక్ష పెట్టేవాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మూడూ తప్పు లేకుండా చెప్పేది.

ఆ రోజు శనివారం. ఎగువ అహోబిలం పైన పని. ఇద్దరు కూలీలు కాస్త దిగువన, గట్టు అంచు మీద వేసిన గుడారం దగ్గర వంటలో ఉన్నారు. ఇవతలి గట్టు మీద నేను, మిలిట్రీ. మాటలపెట్టె ఒకటి మా దగ్గర, రెండోది గుడారంలో. ఎదుటి గట్టు మీద ఓబులేసు ఒక్కడే, మెడలో విజిలుతో. మూడున్నరకు నేను కొలత తీసుకుని, వచ్చేయమని జెండా ఊపాను. అతను కర్ర భుజాన వేసుకుని లోయలోకి దిగాడు. దిగి, వాగు దాటి, మా వైపు ఎక్కడానికి గంట పడుతుంది. ఈ లోపల నేను ఇంకో కొలత చూసుకోవాలి. ఆ పని ఆ పూట అయిపోతే మర్నాడు ఆదివారం నంద్యాల పోయి సినిమా చూడాలని నా ఆత్రం. ఏం దాచను, సినిమానే.

ఇరవై నిమిషాలకు కింది నుంచి విజిలు వినిపించింది. రెండు. మిలిట్రీ నోటుబుక్కులో రెండు గీతలు గీశాడు. కాసేపటికి మళ్లీ రెండు. మళ్లీ గీశాడు. మూడోమారు రెండు వినపడగానే లేచి నిలబడ్డాడు.

“వస్తాండానని ఒకతూరి చెప్తే చాలు గదా. దిగేటోడు మాటిమాటికి ఎందుకు ఊదుతాడప్పా? నేను పోయి చూసొస్తా” అన్నాడు.

నాకు విసుగొచ్చింది. ఆయన పోతే నా రెండో కొలతకు గీతల పలక పట్టుకుని నిలబడేవాడు ఉండడు. “రెండే గదన్నా. నువ్వు పెట్టిన లెక్క నువ్వే మరిస్తే ఎట్లా?” అన్నాను. నవ్వుతూ కూడా అన్నాను. ఆయన ఆగిపోయాడు. తన లెక్కను తానే నమ్మకపోతే, రేపు అడవిలో వీళ్లెవరైనా ఎందుకు నమ్మాలి? ఆ ఆలోచన ఆయన మొహంలో నాకు కనపడింది. ఆ మాట తగులుతుందని తెలిసే అన్నాను. కూర్చున్నాడు. ఇంకో రెండుమార్లు వినపడింది, రెండేసి చొప్పున. తర్వాత ఆగిపోయింది. నేను కొలత పూర్తి చేశాను.

ఐదున్నర అయినా ఓబులేసు రాలేదు. మేం దిగాం. దిగే ముందే గట్టు మీంచి గుడారంలోని కూలీలను మాటలపెట్టెలో పిలిస్తే వాళ్లూ లాంతర్లతో వచ్చారు. చీకట్లో ఆ బండల మధ్య ఎక్కడని వెతుకుతాం? తెల్లారాక కనపడ్డాడు. పైనుంచి దొర్లిన బండ ఒకటి నడుము నుంచి రొమ్ము దాకా పరుచుకుని ఉంది. మొహం మీద ఒక్క గీత లేదు. విజిలు పళ్ల మధ్యే ఉంది. దాన్ని తీయడానికి మిలిట్రీ చాలాసేపు తంటాలు పడ్డాడు.

రుద్రవరంలో మట్టి అయింది. నారాయణమ్మ ఏడుపు గురించి నేను రాయలేను. సాయంత్రం మేమిద్దరం ఆళ్లగడ్డ గోడౌనుకు వచ్చాం. ఆయన తలుపు వేశాడు. నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. విజిలు నోట్లో పెట్టుకుని, రొమ్ము మీద మోకాలు పెట్టమన్నాడు. నాకు అర్థం కాలేదు. పెట్టు అని మళ్లీ అన్నాడు. పెట్టాను. ఊదాడు, మూడూ పలికాయి. తల అడ్డంగా ఊపాడు. ఇంకా నొక్కమన్నాడు. రెండు మోకాళ్లూ పెట్టి, నా బరువంతా వేశాను. ఆయన కళ్లు బయటికొచ్చాయి. ఒకటి పలికింది. రెండు పలికింది. మూడోదానికి ఉత్త గాలి వచ్చింది. మళ్లీ ఊదాడు. మళ్లీ రెండే. నేను భయపడి పక్కకు దొర్లాను.

ఆయన అట్లాగే పడుకుని పైకప్పు చూస్తూ ఉన్నాడు. “అందర్నీ పరిగెత్తిచ్చినా. ఒక్కర్నీ పండబెట్టలే” అన్నాడు. తర్వాత, “మూడే ఊదాలని చూసినాడప్పా. రెండు ఊదే ఊపిరే ఉన్నింది. వస్తాండా, వస్తాండా అనుకుంట పోయినాడు” అన్నాడు. నేను తలుపు తీసుకుని బయటికి పరిగెత్తాను.

పది రోజులకు పై ఆఫీసు నుంచి విచారణకు ఒక అధికారి వస్తున్నాడని కబురు వచ్చింది. ఓబులేసు పర్మనెంటు మనిషి. పనిలో ఉండగా, తన పొరపాటు లేకుండా చనిపోయాడని తేలితే నారాయణమ్మకు ఆఫీసులో అటెండరు ఉద్యోగం వస్తుంది. సిగ్నలు తప్పుగా ఇచ్చి చనిపోయాడని తేలితే రాదు. ఆ పిల్లకు వెనకా ముందూ ఎవరూ లేరు. విచారణ ముందురోజు మిలిట్రీ నన్ను టీ అంగడి వెనక్కి పిలిచాడు. నోటుబుక్కులోంచి ఆ పేజీ చింపి, టీ పొయ్యిలో పడేశాడు.

“మూడు ఊదినాడని రాయిస్తాండా. నేను విన్నా, పట్టించుకోలే. నువ్వు దుర్బీను కాడ ఉండావు, నీకేమీ ఇనపడలే” అన్నాడు.

నీ ఉద్యోగం పోతుందన్నా అన్నాను. పోనీ అన్నాడు. నా దగ్గర ఇంకా మాటలు ఉండాల్సింది. ‘ఆపింది నేను కదా, నా పేరూ చెబుతా’ అనాల్సింది. ఆయన నాకు ఆ అవకాశం ఇచ్చాడు కూడా, టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా మాట్లాడకుండా నిలబడ్డాడు. నేను ఎంత త్వరగా తల ఊపానో తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

విచారణ అర్ధగంటలో అయిపోయింది. మూడు పిలుపులు విని కూడా కదలకుండా కూర్చున్న మనిషి అని అధికారి ఆయన్ని అందరి ముందూ నోటికొచ్చినట్టు అన్నాడు. అదే వారం పనిలోంచి తీసేశారు. నారాయణమ్మకు నంద్యాల ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. నాకు కొన్నాళ్లకు ప్రమోషను వచ్చింది.

మిలిట్రీ నంద్యాల బస్టాండు దగ్గర చిన్న బంకు పెట్టుకున్నాడు. టార్చిలు, ట్రాన్సిస్టర్లు బాగు చేసేవాడు. అప్పటి నుంచి ఆయనకు ఒక అలవాటు పట్టుకుంది. ఎవరు ఏ మూల నుంచి పిలిచినా మొదటి పిలుపుకే లేచేవాడు. పిలుపు కూడా అక్కర్లేదు, బస్సు కండక్టరు విజిలేస్తే చాలు, చేతిలో పని కింద పెట్టి రోడ్డు మీదికొచ్చేవాడు. అన్నం తింటూ లేచేవాడు. పక్క టీ అంగడిలో పనిలేని వాళ్లకు ఇదో వినోదమైపోయింది. చాటు నుంచి ఒకసారి ‘మిలిట్రీ’ అని పిలిచి తల వంచుకునేవాళ్లు. ఆయన వచ్చి నాలుగు దిక్కులా చూసి, “ఎవురప్పా పిలిచింది?” అని అడిగి, జవాబు లేకపోతే కాసేపు నిలబడి పోయేవాడు. రోజుకు పదిసార్లు జరిగినా పదకొండోసారీ వచ్చేవాడు. ఒకరోజు వాళ్లను పట్టుకుని బూతులు తిట్టాను. ఆయనే నన్ను ఆపాడు. వాళ్లల్లో ఒకడైనా ఒకనాడు నిజంగా పిలవొచ్చు గదా అన్నాడు.

నారాయణమ్మ ఆఫీసుకు రోజూ ఆ దారినే పోయేది. బంకు రాగానే రోడ్డు దాటి అవతలి వైపు నడిచేది. ఒకరోజు మాత్రం దాటలేదు. ఏం గుర్తొచ్చిందో, బంకు ముందు నిలబడి, మూడుతూర్లు పిలిస్తే కుక్క కూడా వస్తాది, నువ్వు దానికన్నా హీనమా అని అడిగింది. మన్ను పోసి శపించింది. పది మంది గుమిగూడారు. ఆయన లేచి నిలబడి, చేతులు కట్టుకుని, “అవునమ్మా” అన్నాడు. నేను మూడు గజాల దూరంలో, చేతిలో టీ గ్లాసుతో ఉన్నాను. ఆ గ్లాసులోకి చూస్తూ నిలబడ్డాను.

కిందటేడు పేపర్లో ఒక వార్త చూశాను. సముద్రంలో మునిగిపోయే పడవల కోసం, అడవుల్లో కూలిన విమానాల కోసం ఒక పెట్టె వచ్చిందట. దాని పిలుపు నేరుగా ఆకాశంలోని ఉపగ్రహానికి పోతుందట, అక్కడి నుంచి ఎక్కడ ఉన్నాడో కిందివాళ్లకు తెలుస్తుందట. లోయైనా, కొండైనా పైకి ఆకాశం కనపడితే చాలట. పేపరు పట్టుకుని బంకుకు పోయి, మొత్తం చదివి వినిపించాను. ఆయన సోల్డరింగు కడ్డీ పక్కన పెట్టి శ్రద్ధగా విన్నాడు. బరువెంత, సెల్లు ఎన్నాళ్లు ఉంటుంది, తడిస్తే ఏమవుతుంది అని అడిగాడు. ఎప్పటిలాగే అది ఎక్కడ మోసం చేస్తుందా అని వెతుకుతున్నాడని నాకు అర్థమైంది. నాకు తెలిసింది చెప్పాను, తెలియంది తెలియదన్నాను.

“ఎన్నిసార్లు పిలవాలంట దాన్ని?” అని అడిగాడు.

ఒకసారి మీట నొక్కితే చాలట, ఆ తర్వాత దానంతట అదే పిలుస్తూ ఉంటుందట అన్నాను.

“అంటే ఊపిరితో పని లేదు” అన్నాడు. కడ్డీ మళ్లీ చేతికి తీసుకున్నాడు. అదే నేను ఆయనతో కూర్చున్న ఆఖరు సారి. ఆ తర్వాత అటు పోవడానికి నాకు మొహం చెల్లలేదు.

మొన్న నంద్యాల క్రైస్తవుల శ్మశానంలో ఆయన్ని పూడ్చారు. కూతురు, అల్లుడు, పాస్టరు, చర్చివాళ్లు ఓ పదిమంది. టీ అంగడి వాళ్లలో కూడా ఇద్దరు వచ్చారు. పాస్టరు వాక్యం చదివాడు. నేను పిడికెడు మన్ను వేసి, నేరుగా ఆఫీసుకు వచ్చి కూర్చున్నాను. ఐదు దాటింది, అందరూ పోయారు. నారాయణమ్మ తాళాల గుత్తి పట్టుకుని గదులు వేస్తోంది. నా బల్ల దగ్గరికి వచ్చి, “పాతిపెట్టినారా సార్ ఆయన్ని?” అని అడిగింది. ఆ గొంతులో కోపం కూడా లేదు, అలవాటైన పని గురించి అడిగినట్టు ఉంది.

నాకు ఎక్కడి నుంచి ధైర్యం వచ్చిందో చెప్పలేను. బహుశా ధైర్యం కాదు, మోసి మోసి అలిసిపోవడం. కూర్చోమన్నాను. కూర్చోలేదు. అంతా చెప్పాను. మూడు కాదు, రెండే ఊదాడని చెప్పాను. ఆయన పోదామని లేస్తే నేనే కూర్చోబెట్టానని చెప్పాను. సినిమా సంగతి కూడా చెప్పాను. ఆమె ఉద్యోగం కోసం ఆయన మూడని రాయించాడని, నేను తల ఊపానని చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె చేతిలోని తాళాల గుత్తిని చూశాను, ఆమె మొహం చూడలేదు. తిడుతుందనుకున్నాను. గుత్తి పెట్టి కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను.

ఆమె, “రెండు రెండు అని ఎన్ని మార్లు ఊదినాడు?” అని అడిగింది.

“ఐదు మార్లు” అన్నాను.

ఆమె పెదాలు కదిలాయి. వేళ్ల మీద లెక్క పెట్టింది.

“పది గదా సార్” అంది. “ఆయప్ప పది పిలుపులు పిలిచినాడు.”

తాళాల గుత్తి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నేను గదులన్నీ తాళం వేసి, చీకటి పడ్డాక ఇంటికి పోయాను.